బతికి ఉన్నట్టు సంతకం

ఒమాన్‌లోని ఇబ్రాలో నేను పనిచేసిన ఆసుపత్రిలో ఉదయం డ్యూటీ ఆరున్నరకి మొదలయ్యేది. హాస్టల్ బస్సు దిగి, చేతులు కడుక్కుని, రాత్రి సిస్టర్ దగ్గర రోగుల వివరాలు అప్పగించుకుని, పక్కలు మార్చడంతో పని అందుకునేవాళ్లం. తొంభైల మొదట్లో ఒక శీతాకాలం, మగవాళ్ల సర్జికల్ వార్డులో కిటికీ పక్కనున్న మంచం మాత్రం మేము వెళ్లేసరికే సర్ది ఉండేది. దుప్పటి ఎక్కడా ముడత లేకుండా బిగించి ఉండేది. మూలలు నర్సింగ్ స్కూల్లో మా టీచర్ కర్ర పట్టుకుని నేర్పించినంత ఖచ్చితంగా ఉండేవి. ఆ మంచం మనిషి, కాలికి కట్టుతోనే, పక్కనున్న కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఉండేవాడు.

నలభై ఎనిమిదేళ్లని చార్టులో ఉంది. చూడటానికి అరవై దాటినట్టు కనిపించేవాడు. చక్కెర జబ్బు ఉందని ఆసుపత్రికి వచ్చాకే తెలిసింది. రేకు కోసుకున్న గాయం కుళ్లి, ఎడమకాలి రెండు వేళ్లు తీసేశారు. నాతో హిందీలో మాట్లాడేవాడు. మూడో రోజో నాలుగో రోజో, ఇంజెక్షన్ సూది సరిగా దిగక నేను తెలుగులో నన్ను నేనే విసుక్కుంటే, ఆయన తల తిప్పి నావైపు చూశాడు.

"మనోళ్లేనా సిస్టర్? ఏ ఊరు?" అన్నాడు.

గుంటూరు దగ్గరని చెప్పాను. ఆయనది ఉత్తర తెలంగాణ. ఆ రోజు నుంచి నేను ఆయన్ని బాబాయ్ అన్నాను. ఆయన సిస్టర్ అనడం మానేసి బిడ్డా అన్నాడు. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. ఆ ఊళ్లో తెలుగు మగవాళ్లు చాలామందే ఉండేవాళ్లు గానీ, నర్సులం ఎవరితోనూ నిలబడి మాట్లాడే వీలుండేది కాదు. వార్డులో మాట్లాడితే ఎవరూ ఏమీ అనరు కాబట్టి, మాకు మాటలకి చోటు ఆ మంచం పక్కనే దొరికింది.

అడ్మిషన్ కాగితంలో ఆయన చిరునామా గడి ఖాళీగా ఉందని ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. నింపమని మా వార్డు ఇన్‌చార్జి సిస్టర్ నాకు ఇచ్చింది. ఆవిడ కేరళ మనిషి. పదేళ్లుగా అక్కడే ఉంది, మాట తక్కువ. నేను వెళ్లి రూమ్ ఎక్కడని బాబాయ్‌ని అడిగాను. "రూమ్ లేదు బిడ్డా, ఏం రాస్తవో నువ్వే రాయి," అన్నాడు.

తర్వాతి వారం పది రోజుల్లో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పద్దెనిమిదేళ్లకే సైన్యంలో చేరాడు. వంతెనలు కట్టే ఇంజనీర్ల పటాలం. బంగ్లాదేశ్ యుద్ధంలో నదుల మీద తెప్పల వంతెనలు వేశాడు. పదిహేడేళ్లు చేసి, నాయక్ హోదాలో, పింఛనుతో ఇంటికొచ్చాడు. పిల్లల్లేరు. ఒక బ్యాంకులో వాచ్‌మన్‌గా కొన్నాళ్లు చేశాడు. మాజీ సైనికుడని ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలాన్ని అమ్మి ఏజెంటుకి కట్టి, ఒమాన్ వీసా కొనుక్కున్నాడు. నాలుగేళ్లలో ఇల్లు కట్టేంత మిగలదా అనుకున్నారట భార్యాభర్తలు. రెండో ఏడే ఆమె పోయింది. ఆ సంగతి ఉత్తరంలో తెలిసేసరికి నెల దాటింది.

ఇబ్రాలో ఆయన పని ఒక చిన్న కంపెనీ సైట్‌కి కాపలా. కంపెనీ అర్బాబ్, అంటే యజమాని, వయసు మళ్లిన ఒమానీ. మంచివాడేనని బాబాయ్ ఎప్పుడూ అనేవాడు. ఆయన హఠాత్తుగా చనిపోయాడు. కొడుకులకి ఆ వ్యాపారం అక్కర్లేదు. కూలీలు తలో దారి చూసుకున్నారు. పాస్‌పోర్టులున్న పెట్టె ఎటుపోయిందో ఎవరికీ తెలియలేదు. సగం లేచిన ఆ బిల్డింగు దగ్గర ఈయన ఒక్కడే మిగిలాడు. ఎవరూ వెళ్లమని చెప్పలేదు కాబట్టి ఏడు నెలలు కాపలా కాస్తూనే ఉన్నాడు.

"జీతం లేకుండానా బాబాయ్?"

"పోస్టు మీద ఉన్నోడు, దింపెటోడు వచ్చేదాక దిగద్దు. గట్ల అలవాటైంది."

చివరికి ఆ సైట్ కొన్నవాళ్లు తమ మనిషిని తెచ్చుకున్నారు. అప్పటికి బాబాయ్ బతాకా, అంటే పనిచేసే వాళ్లకిచ్చే కార్డు, గడువు దాటిపోయింది. కార్డు లేనివాడికి ఇంకో కంపెనీ పని ఇవ్వదు. ఖర్జూరపు తోట ఒమానీ ఒకాయన జాలిపడి తన పంపు షెడ్డులో పడుకోనిచ్చాడు. బదులుగా బాబాయ్ కాలువ నీళ్లు ఏ మడికి ఎప్పుడు తిప్పాలో చూసుకునేవాడు. కాలు వాచిపోతే తన పికప్‌లో ఆసుపత్రికి తెచ్చింది ఆ తోట ఆయనే. చిరునామా గడిలో నేను ఆ తోట పేరు రాశాను.

పింఛను సంగతి అడిగాను. ఆగిపోయిందన్నాడు. ప్రతి నవంబరులో, మనిషి బతికే ఉన్నాడని అధికారి ఎవరైనా సంతకం చేసిన కాగితం బ్యాంకుకి చేరాలి. మొదటి రెండేళ్లూ కంపెనీ మనిషి మస్కట్ తీసుకెళ్లి మన ఎంబసీలో సంతకం చేయించాడు. కంపెనీ పోయాక తీసుకెళ్లేవాళ్లు లేరు. చేతిలో పాస్‌పోర్టు లేదు. కాగితం చేరలేదు. బ్యాంకు లెక్కలో ఆయన ఉన్నాడో లేడో తెలియని మనిషి.

నాకు అది చాలా తేలికైన పనిలా తోచింది. రోజుకి నాలుగుసార్లు ఆయన నాడి చూసి, రక్తపోటు చూసి, జ్వరం చూసి రాసుకునేవాళ్లం మేము. మనిషి బతికి ఉన్నాడనడానికి అంతకంటే రుజువేం కావాలి? మా సర్జన్ కూడా భారతీయుడే. ఆయనతో ఆసుపత్రి లెటర్ కాగితం మీద సంతకం, ముద్ర వేయించాను. ఒకటి బ్యాంకుకి, ఒకటి బాబాయ్ జిల్లా కేంద్రంలోని మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపాను. బాబాయ్ తన సర్వీసు నంబరు అడగ్గానే ఒక్క అంకె తడబడకుండా చెప్పాడు.

జవాబు వచ్చేలోగా మంచం గడువు తీరింది. కోత మానుతున్నా, మా ఇన్‌చార్జి ఏదో ఒక కారణం రాస్తూ మూడు వారాలు అదనంగా ఉంచింది. ఆవిడ ఎందుకు చేసిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఒకరోజు సూర్ రోడ్డు మీద ప్రమాదం జరిగి ఒకేసారి తొమ్మిదిమంది వచ్చారు. నడవగలిగిన వాళ్లందరినీ పంపెయ్యమన్నారు. బాబాయ్ ఎవరూ చెప్పకముందే ఆసుపత్రి బట్టలు మడిచి మంచం మీద పెట్టి, తన చొక్కా వేసుకుని నిలబడ్డాడు.

పంపు షెడ్డుకే వెళ్లాడు. రోజు విడిచి రోజు కట్టు మార్పించుకోవడానికి వచ్చేవాడు. మూడు మైళ్లు నడిచేవాడు. కాలు తడవకూడదని, మట్టి తగలకూడదని, కాలు కింద పెట్టి ఎక్కువ తిరగకూడదని నేను ప్రతిసారీ చెప్పేదాన్ని. ఆయన ప్రతిసారీ శ్రద్ధగా విని తల ఊపేవాడు. పడుకునే చోటే నీళ్ల పంపు ఉన్న మనిషికి, మూడు మైళ్లు నడిచి వచ్చిన మనిషికి ఆ మాటలు చెబుతున్నానన్న స్పృహ నాకు అప్పుడు లేదు. పుస్తకంలో ఉన్నది చెప్పేదాన్ని.

ఎండలు ముదిరేసరికి షెడ్డు కూడా పోయింది. కాగితాల్లేని వాళ్లకి చోటిచ్చినవాళ్లని పోలీసులు అడుగుతున్నారని తోట ఆయన భయపడ్డాడు. కొన్ని ఖర్జూరాలు, ఒక దుప్పటి ఇచ్చి, దండం పెట్టినట్టే చెప్పి పంపాడట. బాబాయ్ రోడ్డు పక్కన షట్టర్లు ఇంకా పెట్టని దుకాణాల వరసలో ఒక గదిలోకి మారాడు. ఒక వారంలో కట్టు విప్పితే నాకు కుళ్లు వాసన తెలిసింది.

ఇన్‌చార్జికి చెప్పాను. లాండ్రీ వెనక పాత మంచాలు పడేసే గది ఒకటి ఉండేది. ఆవిడ దాని తాళంచెవి తీసి నా చేతికిచ్చి, "నాలుగు రోజులు, అంతే," అంది. బాబాయ్ అక్కడ నాలుగు రోజులు కాదు, తొమ్మిది రోజులు ఉన్నాడు. ఆ గదిని కూడా ఊడ్చి, మంచాలన్నీ ఒక గోడకి వరసగా చేర్చాడు. క్యాంటీన్ నుంచి నేను చపాతీలు తీసుకెళ్లి ఇస్తే కూర్చుని తినేవాడు కాదు. నేను వెళ్లాక తినేవాడు.

పదో రోజు ఉదయం ఆఫీసు నుంచి పరిపాలన చూసే ఆయన, ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు వచ్చారు. లాండ్రీలో ఎవరో చెప్పి ఉంటారు. నన్నూ ఇన్‌చార్జినీ పిలిచారు. బాబాయ్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఆ అధికారి కోపంగా ఏమీ లేడు. ఆసుపత్రిలో కాగితాల్లేని మనిషి ఉంటే జవాబు తనే చెప్పుకోవాలన్నాడు. తాళం ఎవరిచ్చారు, ఈ మనిషిని ఎవరు ఉంచారు అని ఇంగ్లీషులో నన్ను అడిగాడు.

నా కాంట్రాక్టు కొత్తది చేసే నెల అది. మా తమ్ముడి చదువు, ఇంట్లో అందరి తిండీ నా మీదే ఉన్నాయి. ఇవన్నీ నేను ఆ క్షణంలో ఆలోచించానని చెప్పను. నోరు దానంతటదే పలికింది.

"నాకు తెలియదు సార్. ఈయన పాత పేషెంటు, అంతే."

బాబాయ్‌కి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. ఆయన నావైపు చూడలేదు. ముందుకు ఒక అడుగు వేసి, తనే కిటికీలోంచి దూరానని హిందీలో చెప్పాడు. ఆ గదికి కిటికీ లేదు. అధికారి కాసేపు నేల చూసి, రాసుకోవడం ఆపేశాడు. తాళం సంగతి మాత్రం వదల్లేదు. మా ఇన్‌చార్జి తనే ఇచ్చానని ఒప్పుకుంది. ఆవిడ్ని ఆ నెలలోనే స్టోర్స్‌కి మార్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

గేటు దాకా బాబాయ్ వెంట వెళ్లాను. క్షమించమని అడగాలని మాట కూడబలుక్కుంటుంటే ఆయనే ముందు అన్నాడు.

"మంచిగ చేసినవ్ బిడ్డా. నా తోని నీ నౌకరీ పోతే నేనేడ పెట్టుకోవాలె ఆ పాపం?"

ఆ మాటతో నా మనసు తేలిక కాలేదు. ఈ రోజుకీ కాలేదు.

ఆ వారంలోనే సంక్షేమ కార్యాలయం జవాబు వచ్చింది. ఉత్తరం మర్యాదగా ఉంది. రాసిన ఆయన కూడా పాత సైనికుడే అయి ఉంటాడు. విదేశంలో డాక్టరు సంతకం చెల్లదు, ఎంబసీ అధికారి సంతకం కావాలి, లేదా మనిషి స్వయంగా రావాలి. వస్తే, మిలిటరీ ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం దొరుకుతుంది. అవసరాన్ని బట్టి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉండటానికి సైనిక విశ్రాంతి గృహంలో చోటు ఇస్తారు, మూడు రాత్రులకు మించకుండా. ఆ ఉత్తరాన్ని బాబాయ్‌కి ఆసుపత్రి గేటు బయట చెట్టు నీడలో చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. చదివాను. "అన్నీ ఉన్నయి, అన్నీ ఆడనే ఉన్నయి," అన్నాడు.

నా సెలవు రోజున అక్కడ టాక్సీ నడిపే ఒక కరీంనగర్ మనిషి మమ్మల్ని మస్కట్ తీసుకెళ్లాడు. దారి పొడుగునా బాబాయ్ కిటికీలోంచి వాగుల మీద కట్టిన వంతెనలు చూస్తూ, ఏది గట్టిగా కట్టారో ఏది కొట్టుకుపోతుందో డ్రైవరుకి చెప్పాడు. ఆయన అంత మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం. ఎంబసీలో కౌంటరు దగ్గరి గుమాస్తా సర్వీసు నంబరు చూసి లేచి, ఆయనకి తన కుర్చీ ఇచ్చాడు. అయినా పాస్‌పోర్టు లేకుండా ఆయన ఆయనేనని ఎవరు చెప్పాలి? ఊరి నుంచి పోలీసు విచారణ రావాలి, అప్పుడే తాత్కాలిక ప్రయాణ పత్రం ఇవ్వగలమన్నారు. రెండు నెలలైనా పడుతుందన్నారు. బతికున్నట్టు సంతకం కూడా ఆ తర్వాతే.

ఆ రెండు నెలలూ జూన్, జూలై. షట్టర్లు లేని ఆ దుకాణంలో ఆయన ఎలా ఉన్నాడో నాకు పూర్తిగా తెలియదు. కట్టుకి రావడం తప్పించేవాడు. ఎండలో నడవలేక అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఎవరో బంగ్లాదేశ్ కూలీలు ఆయన్ని తోపుడు బండి మీద ఎమర్జెన్సీకి తెచ్చారు. పాదం నల్లబడిపోయింది. అప్పుడు నేను డ్యూటీలోనే ఉన్నాను. మోకాలి కింద తీసేశారు.

మత్తు దిగాక ఆయన అడిగిన మొదటి మాట, ఎన్నిరోజులు ఉండనిస్తరు అని.

విచారణ కాగితం వచ్చేసరికి ఆయన మా వార్డులో నెలా పది రోజులు ఉన్నాడు. ఈసారి ఎవరూ మంచం ఖాళీ చేయమనలేదు. టికెట్ మస్కట్‌లోని తెలుగువాళ్లు చందాలు వేసి తెచ్చారు. గడువు మీరి ఉన్నందుకు కట్టాల్సిన జరిమానా మాఫీ అయింది. చంకల కింద పెట్టుకునే కర్రలు ఆసుపత్రే ఇచ్చింది. వెళ్లే రోజు మాజీ ఇన్‌చార్జి స్టోర్స్ నుంచి వచ్చి, ఆయన ప్యాంటు కాలు పైకి మడిచి సూదీ దారంతో కుట్టి వెళ్లింది. నేను ఆయన సంచిలో గాయానికి కావాల్సిన మందులు, నా హాస్టల్ చిరునామా రాసిన పది కవర్లు పెట్టాను.

"మూడు రాత్రుల తర్వాత ఎక్కడుంటారు బాబాయ్?" అని అడిగాను.

"ఇంకో జిల్లాల ఇంకోటి ఉంటది గద," అన్నాడు.

ఏదో మాటవరసకి అన్నాడనుకున్నాను. మొదటి ఉత్తరం ఆయన సొంత జిల్లా కేంద్రం నుంచి వచ్చింది. రెండోది నిజామాబాద్ ముద్రతో, మూడోది ఆదిలాబాద్, నాలుగోది కరీంనగర్. నాలుగు వాక్యాలకి మించి రాసేవాడు కాదు. బాగున్నానని, కుట్లు మంచిగా మానాయని, బ్యాంకులో స్వయంగా కనిపించి సంతకం పెట్టించానని, పాత ఫైలు పైనుంచి రావాలంటున్నారని రాసేవాడు. అయిదో ఉత్తరం మళ్లీ సొంత జిల్లా నుంచి. కవర్లన్నీ ముందేసుకుని ముద్రలు చూస్తే అప్పుడు అర్థమైంది. ఒంటికాలితో, బస్సుల్లో, మూడేసి రాత్రుల చొప్పున ఆ మనిషి నాలుగు జిల్లాలూ చుట్టి వస్తున్నాడు. ఏ ఊళ్లో అయినా నాలుగో రాత్రి బస్సులోనో బస్టాండులోనో గడిచేది.

తొమ్మిదో ఉత్తరం తర్వాత ఆగిపోయాయి.

ఉత్తరాలు ఆగిన మరుసటి ఏడాది సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు, మా అమ్మ ఎందుకే అంత దూరం అంటున్నా, ఒక రోజు రైలెక్కి ఆయన జిల్లా కేంద్రానికి వెళ్లాను. విశ్రాంతి గృహంలో కాపలా ఉన్నాయనకి రెండు మాటలు చెప్పేసరికే ఎవరి గురించో తెలిసింది. మూడు రాత్రులన్నది పై నుంచి ఉన్న రూలనీ, తాము అయిదు దాకా చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లమనీ చెప్పాడు. రిజిస్టరులో ఆయన సంతకాలు చాలా ఉన్నాయన్నాడు. ఆయన తిరిగొచ్చిన పదమూడు నెలలకి పింఛను మళ్లీ మొదలైందట. మొదలైన వారంలోనే బాబాయ్ స్టేషను రోడ్డు వెనక ఒక గది అద్దెకి తీసుకున్నాడని చెప్పి, దారి చూపించాడు.

గది అద్దెకిచ్చిన ఇంటావిడ ముగ్గుడబ్బా చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. ఒమాన్ నుంచి అనగానే మొహం విప్పారింది.

"ఆయన బిడ్డవా? నా బిడ్డ ఒమాన్ల నర్సు అని చెప్పెటోడు."

కాదండీ, నేను ఆయనకి కట్టు కట్టిన నర్సుని మాత్రమే అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. అయినా లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది. పదకొండు వారాలున్నాడని చెప్పింది. వచ్చిన కొత్తలో పగలంతా తలుపు వేసుకుని పడుకునేవాడట. తిండి కూడా మానేసి నిద్రే పోయేవాడట. ఏమైందోనని ఆమె తలుపు కొడితే, ఏం లేదమ్మా, అలసట తీర్చుకుంటున్నాననేవాడట. ఒక ఉదయం ఎంత కొట్టినా తియ్యలేదు. విశ్రాంతి గృహం వాళ్లే వచ్చి దహనం చేశారు. పెన్షన్లు చూసే సారు కూడా వచ్చాడంది.

ఆ గదిలో అప్పటికే ఎవరో కాలేజీ పిల్లలు అద్దెకుంటున్నారు. చూస్తావా అని అడిగింది. వద్దన్నాను. నాకు సాయంత్రం రైలుంది. స్టేషనుకి నడుస్తుంటే, ఇన్నాళ్లలో ఆయనకి చేసినవాళ్లందరూ గుర్తొచ్చారు. తోట ఆయన, మా ఇన్‌చార్జి, కుర్చీ ఇచ్చిన గుమాస్తా, తోపుడు బండి తోసిన కూలీలు, అయిదు రాత్రులు ఊరుకున్న కాపలా ఆయన. ఎవరూ చెడ్డవాళ్లు కారు. అందరం తలా కొన్ని రోజులు మాత్రం ఇచ్చాం.

సెలవు అయిపోయాక తిరిగి ఇబ్రా వెళ్లి ఇంకో ఆరేళ్లు పనిచేశాను. మాజీ ఇన్‌చార్జికి ఆ గది సంగతి, పదకొండు వారాల సంగతి చెప్పాను. ఆవిడ స్టోర్స్‌లో గాజుగుడ్డ కట్టలు లెక్కపెడుతోంది. లెక్క ఆపి, తలుపుకి ఆయన లోపల్నుంచి వేసుకోవడానికి గడియ ఉందా అని అడిగింది. ఉందనుకుంటా అన్నాను. ఆవిడ మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టింది.